దానియేలు చూపు

ఒక అబద్ధాన్ని పద్నాలుగేళ్ళుగా మోస్తున్నాను. మొదట్లో దాని బరువు తెలియలేదు. తర్వాత తెలిసింది కానీ దించుకునే చోటు దొరకలేదు. దొరకలేదు అంటున్నానా? వెతకలేదు. ఇలాంటి విషయాల్లో మాటలు సరిగ్గా వాడాలని ఈ వయసులో నేర్చుకుంటున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం రాయను. తిరువూరులో పిల్లలకు టెన్నిస్ నేర్పేవాళ్ళు ఎంతమంది ఉంటారు? తెలుసుకోవాలనుకుంటే అరపూట పని. అయినా రాయడానికి చెయ్యి రావడం లేదు. ఈ సంగతిలో ఉన్న రెండోవాడి పేరు మార్చి దానియేలు అని రాస్తున్నాను. అది అతని మేలు కోసమేనని అనుకున్నాను. అదీ నా కోసమేనేమో.

మాకు మామిడితోటలున్నాయి. చిన్నప్పుడు ఊళ్ళో ఆఫీసర్ల క్లబ్బుకి ఒకే ఒక్క మట్టి కోర్టు ఉండేది. అక్కడ ఆడుకునే ఒక డాక్టరుగారు నాకు పదేళ్ళప్పుడు రాకెట్టు పట్టుకోవడం నేర్పారు. ఆ తర్వాత విజయవాడ, అక్కణ్ణుంచి చెన్నై. ఇరవయ్యో ఏట నుంచి టెన్నిసే నా వృత్తి. టీవీలో చూసే టెన్నిస్‌ని ఊహించుకోకండి. మాది అట్టడుగు మెట్టు. స్లీపర్ బోగీల్లో నిద్ర, లాడ్జీ బాత్రూముల్లో బట్టలు ఉతుక్కోవడం, ఖాళీ గ్యాలరీల ముందు మ్యాచులు. ప్రపంచ ర్యాంకుల్లో నా పేరు కనపడాలంటే చాలా పేజీలు తిప్పాలి. అయినా దేశంలో మొదటి ఇరవై మందిలో ఒకణ్ణి. మా జిల్లాలోనైతే నా తర్వాతే ఎవరైనా.

అప్పట్లో పైన ఆ ముగ్గురూ ఏలుతున్నారు. పేర్లు చెప్పక్కర్లేదు, టెన్నిస్ ఒక్కసారి చూసినవాళ్ళకైనా తెలుస్తుంది. పెద్ద టోర్నీలన్నీ వాళ్ళే పంచుకునేవారు. వాళ్ళ తర్వాత వచ్చిన కుర్రాళ్ళు ఒక్క కప్పు కోసం ఎదురుచూసి ఎదురుచూసి ముసలైపోయారు. వాళ్ళలో పెద్దవాడు ముప్పైకి చేరినా కదలకపోతుంటే నాకు లోపల సంతోషంగా ఉండేది. అతనే వెళ్ళడం లేదు, నేనెందుకు వెళ్ళాలి అనుకునేవాణ్ణి. నాకప్పుడు ముప్పై ఒకటి. కుడి మోకాలు అప్పటికే అరిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దానియేలుకి పంతొమ్మిది. వాళ్ళది విస్సన్నపేట. తండ్రి స్కూలు టీచరు, నెమ్మదైన మనిషి. సెలవులకు నేను ఇంటికి వచ్చినప్పుడల్లా దానియేలు పొద్దున్నే మొదటి బస్సులో తిరువూరు వచ్చి క్లబ్బు కోర్టు తడిపి, గీతలకు సున్నం వేసి, నా కోసం సిద్ధంగా ఉండేవాడు. అన్నా అనేవాడు. నా సర్వీసు వీడియోలు తీసుకునేవాడు. రెండేళ్ళలో అతని ఫోర్‌హ్యాండ్ నా కంటే బరువెక్కింది. ప్రాక్టీసులో నన్ను ఓడించడం మొదలుపెట్టాడు. ఓడించిన ప్రతిసారీ, ఇవాళ మీరు అలిసిపోయారన్నా, అనేవాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది. వెక్కిరిస్తున్నాడా? నిజంగానే అంటున్నాడా? మోకాలు ఎలా ఉందన్నా అని ఒకసారి అడిగాడు. వీడికెలా తెలిసింది? నేను కుంటడం గమనించాడా? ఎవరైనా చెప్పారా? ఆ రోజు నుంచి మోకాలికి కట్టే పట్టీ కనపడకుండా పొడుగు ప్యాంటు వేసుకుని ఆడేవాణ్ణి. అతను నా బ్యాగు మోస్తే బరువు చూసి ఎన్ని రాకెట్లున్నాయో లెక్కపెడుతున్నాడనుకున్నాను. నవ్వితే ఒక అర్థం, నవ్వకపోతే ఇంకో అర్థం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం అదంతా తెలివి అనుకున్నాను.

ఆ ఏడాది విజయవాడలో ఒక టోర్నీ జరిగింది. మట్టి కోర్టులు. మెయిన్ డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి వెళ్ళడానికి ముందు క్వాలిఫయింగ్ మ్యాచులు ఆడాలి. చివరి రౌండులో నాకు దానియేలే ఎదురుపడ్డాడు. క్వాలిఫయింగ్‌లో ప్రతి కోర్టుకీ అంపైరు ఉండేవాడు కాదు. ఎవరివైపు పడిన బంతి లోపలో బయటో వాళ్ళే చెప్పాలి. పేచీ వస్తే బంతి మట్టిలో చేసిన గుర్తు చూసి తేల్చుకోవాలి. అంటే ఆట మొత్తం నమ్మకం మీదే నడుస్తుంది.

మూడో సెట్టులో నేను నాలుగు, అతను అయిదు. నా సర్వీసు. అతనికి మ్యాచ్ పాయింటు.

ఆ మ్యాచంతా నేను ఒకదాని కోసమే భయపడుతూ ఉన్నాను. నెట్టు పక్కనే బంతిని చిన్నగా పడేస్తే నా మోకాలితో ముందుకు పరిగెత్తలేను. దానియేలుకి ఆ దెబ్బ బాగా వచ్చు. కానీ ఆ రోజు ఒక్కసారి కూడా వాడలేదు. చివరికి దాచుకున్నాడనుకున్నాను. నన్ను ఆ విధంగా ఓడించడం ఇష్టంలేక వాడలేదని చాలా ఏళ్ళ తర్వాత వేరే ఆటగాడు చెప్పాడు, దానియేలు తనతో అన్నాడట. అప్పుడు నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

మ్యాచ్ పాయింటు మీద అతను ఫోర్‌హ్యాండ్ కొట్టాడు. బంతి నా ఎడమ మూలకు వచ్చింది. నేను కదలలేదు. కదిలినా అందేది కాదు. బంతి పడిన చోటు స్పష్టంగా చూశాను. మట్టి లేచింది. దానికి అవతల, గీత బయట, అంతకుముందెప్పుడో పడిన బంతి గుర్తు ఒకటుంది. రెండూ చూశాను. ఇది అర సెకను పని అని మీరు అనుకోవచ్చు. నాకు మాత్రం చాలాసేపు ఆలోచించినట్టే ఉంది. చెయ్యెత్తి, అవుట్ అన్నాను.

దానియేలు నెట్టు దాకా వచ్చాడు.

"లోపల పడింది కదన్నా?"

"బయట. వచ్చి నువ్వే చూసుకో."

అతను నెట్టు చుట్టూ తిరిగి వచ్చేలోపు అసలు గుర్తు మీద కాలు ఈడ్చాను. చూసేవాళ్ళకి తిరిగి నిలబడినట్టే ఉంటుంది. పాత గుర్తు చుట్టూ రాకెట్టు కొసతో సున్నా గీశాను. అతను వంగి చూశాడు. ఆ తర్వాత నా ముఖం చూశాడు.

"ఇది కాదేమోనన్నా."

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా?"

"అయ్యో, అలా కాదన్నా. మీరు చెప్పాక ఇంకేముంది."

వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ గేము నేను గెలిచాను. సెట్టూ గెలిచాను.

నేను మోస్తున్నది ఇది కాదు. ఇంతవరకే అయితే ఒక ఆటగాడు ఒక పాయింటు దొంగిలించాడని చెప్పి ముగించేవాణ్ణి. నా వృత్తిలో అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. నా అసలు తప్పు ఆ తర్వాత జరిగింది.

దానియేలు తండ్రి ఆ మూల దగ్గరే కంచె బయట నిలబడి చూశారు. మ్యాచ్ అయ్యాక ఆయన రిఫరీ టేబులు దగ్గరకు వెళ్ళి, బంతి లోపల పడడం నేను కళ్ళారా చూశానండీ అన్నారు. అక్కడ ఓ పదిమంది ఉన్నారు, ఆటగాళ్ళు, కోచ్‌లు, వాళ్ళ అమ్మానాన్నలు. రిఫరీకి నేను పదేళ్ళుగా తెలుసు. మా కుటుంబం కూడా తెలుసు. నన్ను పిలిచి ఏమైందని అడిగారు. అప్పుడైనా పొరపాటు పడ్డానేమో అనొచ్చు. అనలేదు. తండ్రికి అలాగే కనపడుతుంది లెండి అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది. అబ్బాయి మంచివాడే కానీ గీత దగ్గర బంతులు తప్పు చెప్తాడు, ప్రాక్టీసులో చూస్తూనే ఉన్నాను, ఎన్నిసార్లు చెప్పినా మానడు అన్నాను.

ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. నా మాటకు అంత విలువ ఎందుకొచ్చింది? పదేళ్ళ అనుభవం వల్లే అనుకోవాలని ఉంది. కానీ మా ఇంటిపేరు, మా తోటలు, క్లబ్బులో నేను కూర్చునే కుర్చీ కూడా నా తరఫున మాట్లాడాయి. ఆ టీచరుగారి తరఫున మాట్లాడటానికి ఆయనొక్కరే ఉన్నారు. ఆయన వెనక్కి వచ్చి కొడుకు రాకెట్ల సంచి భుజాన వేసుకున్నారు.

మెయిన్ డ్రాకి ఒక రోజు వ్యవధి ఉంది. నేనూ ఇంటికి బయల్దేరాను. ముగ్గురం ఒకే తిరువూరు బస్సు ఎక్కాం. వాళ్ళు ఎ.కొండూరులో దిగి ఆటో మారాలి. తండ్రి ముందు సీట్లో కూర్చుని వెనక్కి చూడలేదు. దానియేలు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మైలవరం దాటాక నా వైపు తిరిగాడు. నిలదీస్తాడనుకున్నాను.

"అన్నా, నేను నిజంగా తప్పు చెప్తున్నానా? ప్రాక్టీసులో కూడానా?"

ఎంత మెల్లగా అడిగాడో. నేను కిటికీలోంచి చూస్తూ చెప్పాను.

"నువ్వు కావాలని చెప్పవురా. నీ చూపులోనే ఏదో తేడా ఉంది. గీత దగ్గర బంతి నీకు సరిగ్గా ఆనదు."

"మరేం చెయ్యమంటారు?"

"అనుమానం వస్తే ఎదుటివాడికే ఇచ్చెయ్. పేరైనా నిలబడుద్ది."

సరేనన్నా అన్నాడు. ఆ సరే ఇప్పటికీ వినిపిస్తుంది.

ఎందుకలా అన్నాను? అబద్ధాన్ని గట్టిపరచుకోవడానికే అనుకున్నాను చాలాకాలం. నిజం ఇంకాస్త అసహ్యంగా ఉంది. అతనికి తన కన్ను మీద నమ్మకం పోతే నన్నెప్పటికీ దాటలేడని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ టోర్నీలో మెయిన్ డ్రా మొదటి రౌండులోనే గంటలో ఓడిపోయాను. తర్వాతి ఏడాది మోకాలికి ఆపరేషను. అంతటితో నా ఆట అయిపోయింది. దానియేలు నుంచి కాపాడుకున్నది అంతే, ఒక్క ఏడాది.

అతని సంగతి అక్కడక్కడా వినేవాణ్ణి. విజయవాడలో కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాడట. కళ్ళు శుభ్రంగా ఉన్నాయని చెప్పి పంపించారట. అతను డాక్టరును నమ్మలేదు, నన్ను నమ్మాడు. గుంటూరులో ఒక మ్యాచ్ చూడటానికి వెళ్ళాను. ఎదుటివాడు కొట్టిన బంతి గీతకు బెత్తెడు బయట పడింది. దానియేలు ఒక్క క్షణం ఆగాడు. లోపలే అన్నాడు. అలాంటివి ఆ మ్యాచ్‌లో నాలుగు చూశాను. మొదట్లో అబద్ధాలకోరన్నవాళ్ళు తర్వాత పిచ్చోడన్నారు. ఇంకొందరు, కావాలనే ఓడిపోతున్నాడు, ఎవరితోనో మాట్లాడుకున్నాడని గుసగుసలాడారు. నేను పక్కనే ఉండి విన్నాను. అతని నిజాయితీ మీద కూడా అనుమానం పడేలా చేశాను. ఇరవై రెండేళ్ళకే ఆట వదిలేసి, ట్రైనింగ్ చేసి, ఎ.కొండూరు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరాడు.

నేను తిరువూరులో మా స్థలంలో కోర్టు కట్టించాను. సిమెంటు కోర్టు. మట్టి బాగుంటుంది కదా అని అందరూ అన్నారు. మెయింటెనెన్సు కష్టమన్నాను. అసలు కారణం వేరు. సిమెంటు మీద గుర్తులు పడవు.

ఒకసారి మోసం చేసినవాడికి ఏమవుతుందో చెప్తాను. లోకమంతా తనలాగే కనపడుతుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలు బంతి బయట అంటే నాకు నమ్మకం కుదరదు. ఎవరైనా మెచ్చుకుంటే వెనక ఏముందని వెతుకుతాను. మా ఆవిడ ఫోన్లో గొంతు తగ్గిస్తే నా గురించేననుకుంటాను. దానియేలు విషయంలో ఇది మరీ ఎక్కువైంది. వాళ్ళ నాన్న పోయినప్పుడు వెళ్ళాను. సమాధి దగ్గర దానియేలు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తెలుసని చెప్తున్నాడా? ప్రతి క్రిస్మస్‌కీ కేకు పంపించేవాడు. ఎందుకు పంపుతున్నట్టు? ఒక ఏడాది ఆ డబ్బా రెండు రోజులు విప్పకుండా అలాగే పెట్టాను. దాంట్లో ఏముంటుందని? కేకే ఉంది.

రెండేళ్ళ కిందట తన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆరేళ్ళ పిల్ల. మీ దగ్గరే నేర్చుకోవాలన్నా అన్నాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. ఊళ్ళు దాటి నా దగ్గరికే ఎందుకు తెచ్చాడు? స్కూలు గ్రౌండులో తనే నేర్పొచ్చు కదా. నన్ను రోజూ చూడటానికి వచ్చాడు, నేనెప్పుడు నోరు జారతానో చూస్తాడు, అనుకున్నాను. సాయంత్రం పిల్లని దించి, బెంచీ మీద కూర్చునేవాడు. ఆ మ్యాచ్ ఊసెత్తేవాడు కాదు. ఎత్తకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఈ మధ్య ఒక ఆదివారం కోర్టు పక్క గదిలో అందరం టీవీలో ఒక పెద్ద ఫైనలు చూస్తున్నాం. ఆ ముగ్గురిలో ఇద్దరు మానేశారు. మిగిలిన ఒక్కడు నలభైకి దగ్గరపడి, తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళైన కుర్రాళ్ళతో ఇంకా కుస్తీ పడుతున్నాడు. కప్పులు మాత్రం ఇప్పుడు ఇద్దరు కొత్తవాళ్ళవి. ఓడినవాళ్ళు నెట్టు దగ్గర వాళ్ళని దగ్గరకు తీసుకుని ఏదో చెవిలో చెప్తారు. ఆ చెప్పేదేంటో నాకెప్పుడూ అనుమానమే. ఇప్పుడు గీత దగ్గర నిలబడే మనుషులు కూడా లేరు. బంతి బయట పడితే యంత్రమే అరుస్తుంది. ఒక పిల్లవాడి తండ్రి, ఇక ఎవరూ దొంగాట ఆడలేరు అన్నాడు. దానియేలు నెమ్మదిగా, ఇది అప్పుడే ఉంటే నా చూపు ఎంత తేడానో తేలిపోయేదండీ, ఇంకో మూడేళ్ళు అనవసరంగా తిరగకపోయేవాణ్ణి అన్నాడు. నా వైపు చూసి అన్నాడా? చూసినట్టే అనిపించింది. గాలం వేస్తున్నాడనుకున్నాను.

ఆ మర్నాడు అతని కూతురు ఇంకో పిల్లతో ఆడుతోంది. అవతలి పిల్ల కొట్టిన బంతి గీతకు మూరెడు అవతల పడింది. నా శిష్యురాలు లోపలే అంది. అది బయట కదమ్మా, ఎందుకిచ్చావని అడిగాను. రాకెట్టుతో కాలు గోక్కుంటూ చెప్పింది.

"మాకు గీతలు సరిగ్గా కనపడవు సార్. నాన్నకీ అంతేనంట. అనుమానం వస్తే ఇచ్చేయమన్నాడు."

అనుమానం ఎక్కడుంది అందులో? మూరెడు బయట.

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ అబద్ధం దానియేలుతో ఆగిపోయిందనుకున్నాను. అది ఒక చిన్నపిల్ల కళ్ళలోకి దిగింది, నా కోర్టులోనే, నా ముందే.

సాయంత్రం అతను వచ్చాక పిల్లల్ని అవతలికి పంపించి, బెంచీ మీద పక్కన కూర్చుని అంతా చెప్పాను. పాత గుర్తు సంగతి, కాలు ఈడ్చిన సంగతి, రిఫరీ దగ్గర అన్నది, బస్సులో అన్నది. ఎందుకన్నానో కూడా చెప్పాను. సగం నుంచీ అతని ముఖంలో ఒకటి కోసం చూస్తున్నాను. నాకు తెలుసన్నా, ఎప్పుడో తెలుసు అంటాడని. అనాలని కోరుకున్నాను. అతనికి ముందే తెలిసుంటే నా పాపంలో సగం పాతబడిపోయినట్టు ఉండేది.

అతనికి తెలియదు. ఆ ముఖం చూసిన క్షణంలోనే అర్థమైంది. చెయ్యి పట్టుకున్నా, కేకు పంపినా, కూతుర్ని తెచ్చినా దానివెనక ఏమీ లేదు. నేనంటే గౌరవం, అంతే. పద్నాలుగేళ్ళు నేను అనుమానిస్తూ గడిపాను, అతను నమ్ముతూ గడిపాడు.

అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఎంత లోపల పడిందన్నా?"

గీత మీద పడింది అని చెప్పాలనిపించింది. చివరిదాకా నా నాలుక అలాగే ఉంది, చూడండి. కాస్త తగ్గించి చెప్పబోయింది.

"జానెడు" అన్నాను.

అతను తలూపాడు. కుడిచేతి బొటనవేలు, చిటికెనవేలు చాచి, ఆ జానెడు ఎంతో ఒకసారి చూసుకున్నాడు. లేచి కూతుర్ని పిలిచి బండి మీద కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. నేను అడగలేదు కూడా. వాళ్ళు మళ్ళీ రాలేదు. మూడు వారాలైంది. ఎందుకు రాలేదో ఊహించడం మొదలుపెట్టి ఆపేశాను. అతని గురించి ఊహించే హక్కు నాకింక లేదు.

అతనికి ఒంటరిగా చెప్పాను. అబద్ధం మాత్రం పదిమందిలో చెప్పాను. ఆ పదిమందీ ఎక్కడెక్కడో ఉన్నారు, కొందరికి ఆ రోజే గుర్తుండదు. దానియేలు తండ్రికి ఇక ఏ విధంగానూ చెప్పలేను. అందుకే ఇది రాస్తున్నాను. రాస్తే ఏమొస్తుందని అడక్కండి. ఇవాళ కూడా తెల్లారి లేచి కోర్టు ఊడ్చాను, టీ తాగాను, మోకాలు ఎప్పటిలాగే నొప్పి పుట్టింది. ఒక్కటే తేడా, ఎవరైనా గేటు తీసిన చప్పుడైతే గుండె అదరడం లేదు.

ఆ రోజు విజయవాడలో రిఫరీ టేబులు దగ్గర ఉన్నవాళ్ళలో ఒక్కరైనా ఇది చదువుతారేమో. వాళ్ళకి చెప్తున్నాను. ఆ టీచరుగారు చూసింది నిజం. ఆయన కొడుకు చూపులో ఏ లోపమూ లేదు. బంతి లోపలే పడింది. అబద్ధం చెప్పింది నేను.